ముందు బుక్క

మొన్న మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడి కొడుకు ఒక ఫొటో పెట్టాడు. నెల్లికుదురు అవతల కౌలుకు తీసుకున్న చేను గట్టున దొరికాయట. స్టీలు పళ్లెంలో కడిగి, తుడిచి, కాడలు సమంగా కోసి పేర్చిన తెల్లటి పుట్టగొడుగులు. తినొచ్చా అని అడిగాడు. అడిగిన నిమిషంలో ఆరుగురు బొటనవేళ్లు ఎత్తారు. ఒక కోడలు మిరియాలు ఎక్కువ వెయ్యమంది. నేను వేరు ఫొటో పెట్టమన్నాను. మట్టి ఉంటే కోసి పారేశానన్నాడు. అయితే మిగిలినవి కూడా పారెయ్యమన్నాను. అత్తకు కడిగిన పప్పులో కూడా రాయే కనిపిస్తుందని ఒకరు, ఊరికే ఇచ్చినా బేరమాడుతుందని ఇంకొకరు రాసి నవ్వుకున్నారు. ఎత్తిన బొటనవేళ్లలో మా తమ్ముడిది కూడా ఉంది. మా ఇంట్లో ఆ సంగతి జరిగినప్పుడు వాడికి అయిదేళ్లు, గుర్తు లేదు. గుర్తున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

బేరం సంగతి మాత్రం నిజమే. నన్ను చూస్తే కూరగాయల బండి వేగం పెంచుతుంది. భూపాలపల్లి సంతలో మామిడిపళ్లాయన నేను దగ్గరికి రాకముందే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి దవాఖానకు పోయి, రెండు పీకితే ఎంత తగ్గిస్తావని అడిగాను. నాకు పుచ్చింది ఒక్కటే. ఈ విద్య పుట్టుకతో రాలేదు, కూర్చోబెట్టి నేర్పారు.

మా దుకాణం కాటారంలో బస్సులు ఆగే చోటికి నాలుగిళ్ల అవతల ఉండేది. ముందు దుకాణం, వెనుక ఇల్లు, రెంటి మధ్య గోనెపట్టా తెర. కిరసనాయిలు, బెల్లం, పొగాకు, ఎండుమిరపకాయ, అన్నీ కలిసిన ఒకటే వాసన మా బట్టలకూ జుట్టుకూ అన్నానికీ పట్టేది. వానాకాలం దానికి తడిసిన గోనె వాసన తోడయ్యేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా పలక నాకి, ఇది ఉప్పగుంటదని అందరికీ చెప్పింది. నేను దాన్ని కొట్టలేదు. నాకినందుకు ఒక బలపం ఇప్పించుకున్నాను.

నానమ్మ దుకాణం గడప దగ్గర పీటేసుకుని కూర్చునేది. ఆమె కళ్లు సగం మూసుకునే ఉండేవి, కానీ తక్కెడ ముల్లు ఎటు వంగిందో ఆమెకు తెలిసేది. కొనే సరుకు చేతిలోకి తీసుకోగానే మొహం చిట్లించాలని నాకు నేర్పింది. "ముందుగాల ఒంక దొరకవట్టు. సరుకుల దొరకకుంటే తెచ్చినోళ్ల మొకంల దొరకవట్టు" అనేది. తరువాత సరుకు కింద పెట్టి గోడ వైపు తిరగాలి. వెనక్కి చూడకూడదు. వాళ్లే పిలుస్తారు. చూశావంటే పోయినట్టే.

అడవంచు గూడేల నుంచి ఆడవాళ్లు మొర్రిపళ్లు, తునికిపళ్లు, ఇప్పపువ్వు, తేనె తెచ్చేవాళ్లు. వాటికి మేము నూకలో, దొడ్డుప్పో, పొగాకో ఇచ్చేవాళ్లం. ఎనిమిదో ఏడు నుంచే ఆ బేరాలు నాకు అప్పజెప్పారు. పెద్దవాళ్లు అడగడానికి సిగ్గుపడేంత తక్కువకు పిల్ల అడగగలదు. ఆ కిటుకు కూడా నానమ్మదే.

వానలు పడి, పుట్టలు మెత్తబడ్డాక పుట్టగొడుగులు వచ్చేవి. శ్రావణంలో మా వాడ మొత్తం నీసు మానేసేది. పదిహేను రోజులు గడిచేసరికి అందరి నాలుకలు ఎండిపోయి, మాటలు కూడా చేదుగా వచ్చేవి. అప్పుడు గొడుగుల కూర ఉడుకుతుంటే వాసన అచ్చం మాంసం లాగే లేచేది. ఇది నీసు కాదు కదా అని నానమ్మను అడిగితే, కాదు గాని ఎక్కువ మాట్లాడకు, దేవుడు వింటాడు అనేది.

వాటిని తెచ్చేవాళ్లలో ఒక ముసలామె ఉండేది. మేము గొడుగులవ్వ అనేవాళ్లం. పొట్టి మనిషి, రెండు చేతుల నిండా పచ్చబొట్లు, ఎప్పుడూ తడిసి ఉండే చీర అంచు. గంపలో టేకాకులు పరిచి, గొడుగులను మోదుగాకు దొప్పల్లో పేర్చుకుని వచ్చేది. వాళ్ల ఇంటి భాష వేరు. మా తెలుగు మాట్లాడితే మాట చివర లేచి పడేది. మేము పిల్లలం ఆమె వెనుకే నడుస్తూ ఆమెలా మాట్లాడి వెక్కిరించేవాళ్లం. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, తన భాషలో ఒక పొడుగాటి మాట చెప్పి, తనొక్కతే నవ్వుకునేది. మమ్మల్ని ఏమందో మాకు ఎన్నడూ తెలియలేదు. మా వెక్కిరింత మాకే సప్పబడిపోయేది.

మా వాడలో ఒక కట్టు ఉండేది. అడవి నుంచి తినే సరుకు ఎవరు తెచ్చినా, వండాక మొదటి ముద్ద తెచ్చినవాళ్లే తినాలి. దాన్ని ముందు బుక్క అనేవాళ్లం. పొద్దున భూపాలపల్లి పోయే బస్సు కదిలే వేళకు ఆ బుక్క తినిపించి, అరుగు మీద కూర్చోబెడతారు. బస్సు పోయి తిరిగొచ్చేదాకా ఆ మనిషి లేవకూడదు. అప్పటికీ బాగుంటే ఇంటివాళ్లు తింటారు. దీంట్లో అవమానం ఉందని మాకు తట్టలేదు. ఒక బుక్క ఊరికే పెడుతున్నాం కదా అనుకునేవాళ్లం. కొన్నేళ్లు అలా కూర్చుని ఏ కీడూ జరగకపోతే ఆ మనిషిని అడగడం మానేసేవాళ్లు. గొడుగులవ్వను పన్నెండేళ్లుగా ఎవరూ అడగలేదు. ఆమె గూడెం నుంచి వచ్చిన మిగతా ఆడవాళ్లు ఎండలో అరుగుల మీద కూర్చుని ఉంటే, ఆమె ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని వాళ్ల ముందు నుంచి నడిచిపోయేది. "నన్ను కూసోవెట్టరు" అని మాకు వినబడేట్టే చెప్పేది. ఆమెకున్న ఆస్తి అదే. అది ఉంది కాబట్టే ఆమె గంప అందరికంటే ముందు ఖాళీ అయ్యేది. మిగిలినవాళ్లు ఒక దొప్ప అమ్ముకోవడానికి పొద్దంతా కూర్చోవాలి.

ఒకరోజు బేరంలో భాగంగా, రైసుమిల్లు వెనుక పెంటకుప్పల మీద ఇట్లాంటివి ఊరికే మొలుస్తున్నాయి, వీటికి నూకలెందుకని ఆమెతో అన్నాను. ఆమె గంప ఎత్తుకుని పోయింది. మర్నాడు వాన పడుతుంటే మా చూరు కింద నిలబడి, కొంగులోంచి రెండు గొడుగులు తీసి నా ముందు పెట్టింది.

"పక్కపక్కన వెట్టి సూడు బిడ్డా. ఒకటి పుట్టది. ఒకటి కుక్కగొడుగు."

పుట్టదానికి మూరెడు వేరుంది, కొసన ఎర్రమట్టి. కింద చెదల ఇల్లు ఎక్కడుంటే అక్కడిదాకా ఆ వేరు పోతుందట. తల మీద చిన్న ముక్కు, గోటితో నొక్కితే గట్టిగా ఉంది. తిరగేస్తే లోపలి రెక్కలు తెల్లగా, అంచున కొంచెం గులాబీ, చంటిపిల్ల పెదవి లోపలిలా. కుక్కగొడుగుకు వేరే లేదు, మొదట్లో చిన్న గడ్డ. తల మీద గోధుమరంగు చెక్కులు, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. మెడ చుట్టూ ఒక గాజు, వేలితో తోస్తే పైకీ కిందికీ జరిగింది. ఆ గాజు చూసి నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. దీని కడుపు కూడా ఇప్పుడు తెల్లగానే ఉంది కానీ తెల్లారేసరికి పచ్చబడుతుందని, ఇది తిన్నవాళ్లు పేగులు బయటికి వచ్చేలా కక్కుతారని చెప్పింది. రెండూ నా చేత పట్టించి, కళ్లు మూయించి, వేళ్లతోనే గుర్తు పట్టమంది. మూడుసార్లూ తప్పు లేకుండా చెప్పాను. "ఇగ నీకు ఎవలు మోసం జెయ్యరు" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

గుర్తులన్నీ నేర్చుకున్నాను. విషమన్న మాట ఒక్కటి నమ్మలేదు. ఎదుటివాళ్ల సరుకును తిట్టని అమ్మకందారును నేను అప్పటిదాకా చూడలేదు. మా బాపు కూడా పక్క దుకాణం పప్పు తింటే కడుపునొప్పి వస్తుందని రోజూ చెప్పేవాడు. ఊరికే దొరికేది తింటే చస్తారని అమ్మేవాళ్లు కాక ఇంకెవరంటారు? ఆమె తెలివిని మెచ్చుకున్నాను కూడా.

మరుసటి వారమే ఆమె దగ్గర నా మొదటి పెద్ద గెలుపు గెలిచాను. దొప్పలో సగం వేర్లూ మట్టే ఉన్నాయని, మట్టికి కూడా నూకలు పోయాలా అని ఒంక పట్టాను. వేరు కోస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుందని ఆమె చాలాసేపు మొరాయించింది. నేను దొప్ప కింద పెట్టి గోడ వైపు తిరిగాను. గోడ మీద బల్లి ఒకటి ఈగను మింగేదాకా తిరిగే ఉన్నాను. చివరికి ఆమె కొడవలి తీసి, మా గడప మీదే వేర్లన్నీ కోసి ముందున్న మోరీ కాలువలో పారేసింది. ఆ సాయంత్రానికి వాడంతా నా మాటే. షావుకారి మనవరాలు కోయించుకుంది, మాకు కూడా కోసియ్యి అని ప్రతి ఇంటివాళ్లూ అడిగారు. నెల తిరక్కుండా మా వాడకు వచ్చే గొడుగులన్నీ తలలతోనే వచ్చేవి. శుభ్రంగా, తెల్లగా, చూడముచ్చటగా.

శ్రావణం చివర్లో నానమ్మ తమ్ముడు రేగొండ నుంచి వస్తున్నాడని కబురొచ్చింది. నాలుగు దొప్పలైనా కావాలంది నానమ్మ. గొడుగులవ్వ దగ్గర సరిగ్గా నాలుగే మిగిలాయి. నేను రెండు దొప్పల నూకలకు నాలుగూ అడిగాను. నెలంతా ఆమె తగ్గుతూనే వచ్చింది, ఇప్పుడూ తగ్గుతుందనుకున్నాను. గోడ వైపు తిరిగాను. ఎంతకూ పిలుపు రాలేదు. నేర్పిన నియమం తప్పి వెనక్కి చూశాను. గడప మీద నా నూకలకు సరిపోను రెండు దొప్పలున్నాయి. మిగతా రెండూ ఎదురింటి దర్జీ చాచా కొనేశాడు. ఆమె గంప బోర్లించుకుని అప్పటికే వాడ మలుపు దాటుతోంది.

నేను ఓడిపోవడం అదే మొదటిసారి. రెండు దొప్పలు తీసుకుని నానమ్మ ముందుకు పోవడమంటే నాకు బట్టల్లేకుండా పోయినట్టే. వెనుక తలుపు నుంచి మిల్లు వెనక్కి పరుగెత్తాను. పెంటకుప్పల మీద పళ్లేలంత గొడుగులు, పొద్దున లేచినవి, తెల్లగా నవనవలాడుతూ. తల మీది చెక్కులు తడి లంగా అంచుతో తుడిచాను. గాజులు లాగేశాను. కాడలు కోశాను. ఇంటికి తెచ్చి బుట్టలో అవి అడుగున, గొడుగులవ్వవి పైన పేర్చాను. మా దుకాణంలో బియ్యం బస్తా మూతి దగ్గర మంచివే ఉంటాయి. నాకు ఆ పని ఎవరూ వేరే నేర్పనక్కరలేదు.

నానమ్మ బుట్ట చూసి రెండు కళ్లూ పూర్తిగా తెరిచింది. రెండు దొప్పల నూకలకే ఇన్ని ఇచ్చిందా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ నా చేత చెప్పించుకుంది. తన తమ్ముడికి నన్ను చూపించి, "గీ పిల్ల దుకాణం నిలవెడ్తది" అంది. ఎండుకొబ్బరి, ధనియాల పొడి, నూరిన కారం వేసి కూర ఆమే వండింది. ఉడికేటప్పుడు నడుము సంచిలోంచి పాత వెండిరూపాయి తీసి కుండలో వేసింది. విషముంటే వెండి నల్లబడుతుందని ఆమె నమ్మకం. రూపాయి తెల్లగానే బయటికొచ్చింది. తుడిచి మళ్లీ సంచిలో దోపుకుంది. వెండి అబద్ధమాడదని మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. వండగా మిగిలిన పిడికెడు గొడుగులు చాటలో పోసి అటక మీద పెట్టారు.

మధ్యాహ్నం జొన్నరొట్టెలతో తిన్నాం. నేనూ తిన్నాను. రుచి బాగుంది, అదే నా ధైర్యం. పొద్దు వాలకముందే మా తమ్ముడు కడుపు పట్టుకుని నేల మీద దొర్లాడు. తరువాత నానమ్మ, ఆమె తమ్ముడు, అమ్మ, నేను. బాపు దుకాణంలో రద్దీ వల్ల ఒక్క రొట్టె తిని లేచాడు, ఆయనొక్కడే నిలబడగలిగాడు. బావి గట్టు పట్టుకుని కక్కుతుంటే, ఆమె అబద్ధమాడలేదని నా పేగులు నాకు చెప్పాయి. తమ్ముడి పెదవులు నల్లబడ్డాయి, కళ్లు పైకి పోయాయి. అమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని, తనూ కక్కుతూనే, ఒక లారీ ఎక్కి భూపాలపల్లి దవాఖానకు పోయింది. పొద్దున మొదటి బస్సు డ్రైవరు చేత కబురు పంపింది. గ్లూకోజు ఎక్కుతోంది, బతుకుతాడో లేదో సాయంత్రం చెప్తామన్నారని.

ఆ కబురు వచ్చిన కాసేపటికి గొడుగులవ్వ మామూలుగానే గంపతో వాడలోకి వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు. మా దుకాణం ముందు జనం ఆమె చుట్టూ మూగారు. ఎవరో గంప లాగి బోర్లించారు. బాపు అరవలేదు. లోపలికి పోయి, అటక మీది చాట తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె చతికిలబడి ఒక్కొక్క గొడుగునూ తిరగేసి చూసింది. చూస్తూ చాటలోనే రెండు కుప్పలు చేసింది. ఒక కుప్పలో కడుపులు గులాబీగా ఉన్నాయి. రెండో కుప్పలో రాత్రికి రాత్రే పచ్చబడ్డాయి, మురిగిన కుంట నీళ్లలా.

"గివి నాయి. గివి నాయి గావు, పెంటమీదియి. ఎవలో కలిపిండ్రు" అంది.

మురిగితే ఏదైనా పచ్చబడుతుందని ఒకాయన అన్నాడు. మా ఇంట్లో తినేదాంట్లో మేమే ఎందుకు కలుపుకుంటామని బాపు మెల్లగా అడిగాడు. వేర్లుంటే చూపేదాన్నని ఆమె అంది. వేర్లు నీ చేత్తోనే కోశావు కదా అన్నాడు. ఆమె మోరీ వైపు చూసింది. నిన్నటి వానకు అది కడిగేసినట్టుంది.

అప్పుడు ఆమె కళ్లు నా కోసం వెతికాయి. నేను బస్తాల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాను. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడింది. తన తరఫు మనిషి ఒకరు ఉన్నారని అనుకుంది.

"బిడ్డా, నీకు ఎరుకే గదా. నేను నేర్పిన. నిన్న నేనిచ్చినయి గివన్నేనా, జర జెప్పు."

వాడంతా నా వైపు తిరిగింది. తమ్ముడు పోతే అది ఎవరి మీద పడాలన్నదే నాకప్పుడు తోచింది. దయ గురించి, న్యాయం గురించి నేను ఆలోచించాను అంటే అది ఇప్పుడు చెప్పే అబద్ధమవుతుంది.

"గివన్నీ నువ్వు దెచ్చినయే" అన్నాను.

ఆమె చూపు నా మీది నుంచి చాటలోకి దించుకుంది. బాపు అరచెయ్యి చాటలో పెట్టి రెండు కుప్పలనూ మళ్లీ ఒకటిగా కలిపేశాడు.

"తప్పు లేకుంటే ముందు బుక్క తిను అవ్వా."

"పన్నెండేండ్ల సంది నన్నెవలు కూసోవెట్టలే."

"ఇయ్యాల కూసో."

తినకపోతే ఆమె గంప ఇక ఆ వాడలోకి రాదు. ఆ వాడలోకి రాకపోతే కాటారంలో ఏ వాడలోకీ రాదు. ఆమెకు అది తెలుసు. చాటలో చెయ్యి పెట్టి మంచివాటిని ఏరబోయింది. బాపు ఆపాడు. నమూనా కొన్నవాళ్లు తీయాలి గానీ అమ్మినవాళ్లు కాదు. ఏ దుకాణంలోనైనా అదే పద్ధతి. నా వైపు తిరిగి, నువ్వు ఏరు అన్నాడు.

బస్తాల మీద నుంచి దిగాను. నా లెక్క తేలిగ్గానే కుదిరింది. ఆమె మంచివి తిని బాగుంటే, చెడ్డవి ఎక్కడి నుంచి వచ్చాయని మళ్లీ ఇంట్లో వెతుకుతారు. చెడ్డవి తిని కక్కితే కథ అక్కడితో అయిపోతుంది. మూడు గొడుగులు తీశాను. ఒక్కొక్కదాన్నీ తిరగేసి, పచ్చగా ఉందో లేదో చూసి మరీ తీశాను. ఆమె నా వేళ్లనే చూస్తోంది. తిరగేయకుండా తీసి ఉంటే, తెలియక తీశానని ఆమె అనుకునే వీలుండేది. ఆ వీలు కూడా నేను ఆమెకు ఇవ్వలేదు.

పక్క హోటలు పొయ్యి మీద ఉప్పేసి వేయించి, ఆకులో పెట్టి తెచ్చారు. ఆమె నిదానంగా నమిలి తిన్నది. ఆకు కూడా తుడిచి నాకింది. బస్సు హారన్ కొట్టి భూపాలపల్లి వైపు కదిలింది. ఆమె మా అరుగు ఎక్కి కూర్చుంది.

మొదటి గంట ఏమీ కాలేదు. చూసేవాళ్లు వచ్చి పోతున్నారు. నా తోటి పిల్లలు ఎదురుగా గోలీలాడుతూ, ముసలిది కక్కుతుందా లేదా అని పందెం కట్టుకున్నారు. తరువాత ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. రెండు చేతులతో అరుగు రాయి అంచు పట్టుకుంది. కాలివేళ్లు పదీ లోపలికి ముడుచుకున్నాయి. చాచా చెంబుతో నీళ్లు తెచ్చి, జర తాగు అవ్వా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి ఆమె బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు కదిలింది. వచ్చినదాన్ని తిరిగి మింగింది. నేను దుకాణం లోపలి నుంచి ఆమెనే చూస్తూ, కక్కు, కక్కు అని లోపల అనుకుంటూ ఉన్నాను.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది. ఇక లేవనివ్వమని చాచా అడిగాడు. కట్టు బస్సుకే గాని గడియారానికి కాదని ఎవరో అన్నారు. ఆమె కూడా లేవలేదు. ఎండ అరుగు మీదికి ఎక్కి, ఆమె మోకాళ్ల మీదికి, ఆపైన మొహం మీదికి వచ్చింది.

బస్సు వచ్చింది. ఆమె గోడ పట్టుకుని లేచి, బాపు ముందుకు వచ్చి నిలబడింది.

"నేను మంచిగున్ననా షావుకారి?"

మంచిగున్నావని బాపు నోట్లోనే అన్నాడు.

"గట్టిగ జెప్పు. వాడ ఇనాలె."

బాపు గట్టిగా చెప్పాడు. ఆమె గంప తీసుకుని, తొందర లేకుండా, తిన్నగా నడిచి మలుపు తిరిగింది. చాచా మెషిన్ ఆపి, సైకిలేసుకుని వెనకే పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, చొక్కా విప్పి బావి దగ్గర చాలాసేపు ఉతుక్కున్నాడు. ఏమైందని అడిగినవాళ్లకు చొక్కా మీద బురద పడిందన్నాడు. నేను అడగలేదు.

తమ్ముడు నాలుగో రోజు ఇంటికొచ్చాడు. గొడుగులు మంచివేనని తేలింది కాబట్టి తప్పు నూనె మీదికి పోయింది. ఆ నూనె మా దుకాణానిదే. నెలరోజులు మా దగ్గర ఎవరూ నూనె కొనలేదు. బాపు ఆ డబ్బా తిరిగి ఇచ్చేసి, నూనె వ్యాపారితో జీవితాంతం మాట్లాడలేదు.

ఆ ఏడు ఆమె మళ్లీ రాలేదు. మరుసటి వానలకు వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి, గంప నెత్తిన కాక చంకన పెట్టుకుంది. గొడుగులు వేర్లతోనే తెచ్చింది, కోయమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ముందు బుక్క మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె పేరు ఆమెకు దక్కింది. వాడలో ప్రతి ఇంటి ముందూ ఆమె గట్టిగా బేరమాడింది, గింజ తగ్గినా గంప ఎత్తుకుంది.

నా దగ్గర మాత్రం ఆడలేదు. దొప్పలు నా ముందు పెట్టి, "నీ ఇష్టం బిడ్డా" అనేది. నేను ఎంత పోస్తే అంత కొంగులో ముడేసుకుని పోయేది. నిరుడు ఇచ్చినదాంట్లో సగం పోశాను. తీసుకుంది. మరుసటిసారి అందులో సగం పోశాను, ఇప్పుడైనా తలెత్తి, కలిపింది నువ్వేనన్న మాట అంటుందని. వాడంతా వినేట్టు అంటే బాగుండునని కూడా అనిపించేది. తీసుకుంది. మూడేళ్లు అలాగే తగ్గిస్తూ పోయాను. నానమ్మ నా బేరాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసేది.

ఆమె ఆఖరిసారి వచ్చినప్పుడు ఎనిమిది దొప్పలు తెచ్చింది. ఒక్కటి కూడా విరగని, మూరెడు వేర్ల మంచి గొడుగులు. నేను ఉప్పు బస్తాలోంచి ఒక పిడికెడు తీసి, అందులోంచి కొంత మళ్లీ బస్తాలోకి జార్చి, మిగిలింది ఆమె కొంగులో వేశాను. ఆమె నన్ను చూడకుండా ముడేసుకుని లేచింది. తరువాత ఎన్నో కొన్నాను, ఎన్నో అమ్మాను. అంత చవకగా మళ్లీ ఏదీ నా చేతికి రాలేదు.